డాక్టరమ్మ మొగుడు

ఫోను మోగేసరికి మెకానిక్ ఒళ్ళో విప్పిన ఫ్యాను మోటారు ఉంది. చేతికంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకుని, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

“ఫ్రీజరు సొరుగులో మళ్ళీ మంచు పట్టిందండీ. డాక్టరమ్మగారున్నారాండీ?” అని అడిగింది అవతలి గొంతు. నాలుగు వీధుల అవతల కేకులు, ఐస్‌క్రీములు అమ్మే షాపు ఆవిడ.

డాక్టరమ్మ అంటే అతని భార్యే. ఆ క్షణాన అతనికి నాలుగడుగుల దూరంలో, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక ఫ్రిజ్ వీపు విప్పి, దుమ్ము పట్టిన కాయిలును పాత టూత్‌బ్రష్షుతో తోముతోంది.

“లేదండీ, ఊరెళ్ళింది,” అన్నాడు మెకానిక్.

అనాలని అనుకోలేదు. నోరు జారింది. జారిన మాటను వెనక్కి తీసుకుందామంటే మనసొప్పలేదు.

“ఎవరండీ?” అంది భార్య తల తిప్పకుండానే.

అతను గబుక్కున ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. “కేకుల షాపు. ఆ సొరుగులో మళ్ళీ మంచట. నేను చూసొస్తాలే.” చెయ్యి తీసి, “అరగంటలో నేనే వస్తానండీ,” అన్నాడు ఫోనులో.

“మీరా,” అంది ఆవిడ. అంతే అంది. కాని ఆ ‘మీరా’ అతని గొంతులో చేపముల్లులా దిగబడింది.

రెండేళ్ళ కిందటి వరకూ ఆ ఫోనులో అందరూ అతన్నే అడిగేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాడు. అందులోనూ వంటగట్టు కిందా, షాపు కౌంటరు కిందా ఇమిడ్చి బిగించే చిన్న ఫ్రిజ్‌లంటే అతనికి ప్రాణం. మామూలు ఫ్రిజ్‌కు చుట్టూ గాలి ఆడుతుంది. వీటికి మూడు పక్కలా చెక్క, నెత్తిన బండ. ఊపిరి పీల్చేదీ వదిలేదీ పాదాల దగ్గరుండే చిన్న జాలీ గుండానే. ఆ జాలీకి ఎవరైనా ఓ గోనెపట్టా అడ్డం వేస్తే చాలు, లోపల కంప్రెసర్ ఉడికిపోతుంది. వీటిని బయటికి లాగడమే పెద్ద తలనొప్పని మిగతా మెకానిక్‌లు తప్పుకునేవాళ్ళు. అతను మాత్రం బండకు గీత పడకుండా, చెక్కకు పెచ్చు లేవకుండా లాగి, పని చేసి, మళ్ళీ ఎక్కడిదాన్ని అక్కడ కూర్చోబెట్టేవాడు.

అలా లాగుతుండగానే ఒకరోజు నడుం పట్టేసింది. పట్టేయడం కాదు, వెన్నుపూసల మధ్య డిస్కు జారిందన్నారు. మూడు నెలలు చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు.

అప్పటికే ఒప్పుకున్న పనులు బోలెడున్నాయి. భార్య స్కూటరు తీసింది, పనిముట్ల సంచీ భుజాన వేసుకుంది. “నేను వెళ్ళి అక్కణ్ణుంచి ఫోను చేస్తాను. మీరు చెప్పండి, నేను చేస్తాను,” అంది. మొదటి నెల రోజుకు ఇరవైసార్లు ఫోను చేసేది. “ఎర్ర తీగ పీకనా?” “ముందు ప్లగ్గు తియ్యి తల్లీ.” “టిక్కుమని ఆగిపోతోందండీ.” “రిలే చూడు, కంప్రెసర్ పక్కన నల్లగా ఉంటుంది.” మంచం మీంచే ఊరంతా బాగుచేస్తున్నట్టు ఉండేది అతనికి. రెండో నెలకు ఫోన్లు ఐదారుకు దిగాయి. మూడో నెల ఆఖరి వారంలో ఒక్కటీ రాలేదు. ఫోను పాడైందేమోనని తల్లి చేత రెండుసార్లు చార్జింగు పెట్టించాడు.

అతను లేచి నడిచేసరికి ఆమెకు పేరు స్థిరపడిపోయింది. ఏదో క్లినిక్‌లో మందుల ఫ్రిజ్‌ను పది నిమిషాల్లో బాగుచేస్తే, అక్కడి డాక్టరు నవ్వుతూ “అసలు డాక్టరమ్మ ఈవిడ,” అన్నాడట. ఆ పేరు అతుక్కుంది. ఆమె రెండేళ్ళలో డాక్టరమ్మ అయింది, అతను ఇరవై ఏళ్ళయినా మెకానిక్కే. ఒకసారి కొత్త ఇంటికి పనికెళ్తే, తలుపు తీసిన పెద్దమనిషి లోపలికి తిరిగి, “డాక్టరమ్మ రాలేదే, డాక్టరమ్మ మొగుడొచ్చాడు,” అని కేకేశాడు. ఆ పూట మెకానిక్‌కు అన్నం సహించలేదు.

కేకుల షాపులో జబ్బు కౌంటరు కింది ఫ్రీజరుది. ఒకదానిమీద ఒకటి రెండు సొరుగులు. పైది బాగానే ఉంది. కిందిది మాత్రం నాలుగు రోజులు బుద్ధిగా ఉంటుంది, ఐదో రోజుకు వెనకగోడ మీద మంచు పేరుకుంటుంది. ఆ మంచు పెరిగి పెరిగి సొరుగును ముందుకు తోస్తుంది. ఆ సందులోంచి చల్లదనమంతా బయటికిపోయి లోపలి ఐస్‌క్రీము జావయిపోతుంది.

అతను రావడం ఇది మూడోసారి. మొదటిసారి సొరుగు మూతి చుట్టూ ఉండే రబ్బరు మార్చాడు. రెండోసారి మంచు కరిగించే హీటరు మార్చాడు. ఇప్పుడూ పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాడు. సొరుగులోని డబ్బాలన్నీ తీసి వెనకగదిలో ఉన్న పెద్ద ఫ్రీజరులో సర్దాడు. తన చేతిలో పని జరుగుతుండగా ఎవరి సరుకూ చుక్క కూడా కరగలేదన్నది అతని గొప్ప. వేడినీళ్ళ గిన్నెలు పెట్టి మంచు కరిగించి, నీరంతా ఒత్తి తుడిచాడు. తర్వాత చిన్న కాగితం ముక్కను అంచులో పెట్టి, రెండు వేళ్ళతో సుతారంగా సొరుగు మూసి, కాగితాన్ని లాగి చూశాడు. పైన చూశాడు, కింద చూశాడు, నాలుగు మూలలా చూశాడు. ఎక్కడా కాగితం కదల్లేదు.

“రబ్బరు ఉడుంపట్టు పట్టింది. ఇక ఇది కార్డు రోగమే,” అన్నాడు.

“అంటే?”

“లోపల అన్నిటికీ ఎప్పుడేం చెయ్యాలో చెప్పే ఎలక్ట్రానిక్ కార్డండీ. మంచు ఎప్పుడు కరిగించాలో దానికి తెలియడం లేదు. రేపు తెచ్చి వేస్తాను.”

ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది. “శనివారం బడి వార్షికోత్సవం. మూడొందల ఐస్‌క్రీము కప్పులు ఒప్పుకున్నాను. వెనక ఫ్రీజరు కేకులకే సరిపోతుంది. ఈ సొరుగు పనిచేసి తీరాలి. డాక్టరమ్మగారు ఎప్పుడొస్తారు?”

“చెప్పలేనండీ. వాళ్ళ పిన్నికి ఒంట్లో బాగాలేదు.”

ఆ పిన్ని పోయిన నెలే వీళ్ళింట్లో నాలుగు రోజులుండి, మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కి దిగి వెళ్ళింది.

“శనివారానికి నాది పూచీ,” అన్నాడు మెకానిక్, సంచీ సర్దుకుంటూ.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భార్య అడిగింది. “కేకుల షాపులో ఏం తేలిందండీ?”

“కార్డు.”

“కార్డా?” అని, ఇంకేదో అనబోయి అతని మొహం చూసి ఆగిపోయింది. ఆ ఆగడం అతన్ని మరీ మండించింది.

అతని తల్లి మజ్జిగ పోస్తూ, “నిన్న ఆ లాయరుగారింట్లో ఏమైందో వాడికి చెప్పవే అమ్మాయ్,” అంది.

“ఏముంది అత్తయ్యా, చిన్నదే. గట్టు కింద ఫ్రిజ్ లోంచి రోజూ నీళ్ళు కారుతున్నాయన్నారు. వెనక నీరు పోయే రంధ్రంలో జామ్ సీసా చీటీ ఒకటి చుట్టచుట్టుకుని ఇరుక్కుపోయింది.”

“ఇద్దరు మగాళ్ళు వచ్చి చూసి వెళ్ళారట్రా. ఇద్దరికీ కనిపించలేదట,” అంది తల్లి కొడుకుతో. కోడలి సంగతి చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా మెరుస్తాయి. అతను మొట్టమొదటిసారి సొంతంగా ఫ్రిజ్ బాగుచేసి వచ్చిననాడు ఆవిడ, “చేతులు కడుక్కో, వాసనొస్తున్నాయి,” అంది. ఆ మాట ఇరవై ఏళ్ళుగా గుర్తుందని అతనికి ఇవాళ ఈ భోజనం దగ్గరే తెలిసింది.

భార్య పనిమీద బయటికెళ్ళాక, అల్మారాలో ఉన్న ఆమె పుస్తకం తీశాడు. చూసిన ప్రతి జబ్బూ, చేసిన వైద్యమూ అందులో రాసుకుంటుందని తెలుసు. కింది సొరుగు గురించి ఏదైనా దొరుకుతుందేమోనని తీశాడు. మొదటి పేజీలన్నిటిలోనూ పైన ‘ఆయన చెప్పింది’ అని గుండ్రటి అక్షరాలు. చదువుతుంటే ఛాతీ కాస్త పొంగింది. పేజీలు తిప్పేకొద్దీ ఆ మాట తగ్గింది. దాని బదులు ‘నేను చూసింది’ అని మొదలైంది. సగం పుస్తకం దాటాక ఒకచోట ‘ఆయన చెప్పింది ఇక్కడ తప్పు’ అని ఉంది. గ్యాస్ తగ్గిందని తను ఫోనులో చెప్పిన రోజది. లోపలి ఫ్యాను రెక్కకు మంచు అడ్డుపడి తిరగడం లేదని, గ్యాస్ నిండుగానే ఉందని కింద రాసుకుంది.

తప్పని అప్పుడు తనతో అనలేదు. ‘సరేనండీ, బాగైపోయింది’ అని మాత్రం అంది. మంచం మీద పడుకుని తను ఎంత సంబరపడ్డాడో తలచుకుంటే మెకానిక్‌కు చెవులు వేడెక్కాయి. పుస్తకాన్ని అల్మారాలోకి విసిరినట్టు పెట్టి తలుపు వేశాడు.

మర్నాడు కొత్త కార్డు తెచ్చి బిగించాడు. బుధవారం సొరుగు బాగుంది. గురువారం తను ఫోను చేసి అడిగితే ఇంకా బాగానే ఉందన్నారు. మెకానిక్ ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ స్నానం చేశాడు.

శుక్రవారం పొద్దున్న కేకుల షాపు ఆవిడ ఫోను చెయ్యలేదు. నేరుగా వర్క్‌షాపుకే వచ్చేసింది. బల్లమీద స్క్రూడ్రైవరుతో పనిచేసుకుంటున్న భార్య కనిపించేసరికి గుమ్మంలోనే ఆగింది.

“డాక్టరమ్మగారూ, ఊరి నుంచి ఎప్పుడొచ్చారండీ? పిన్నిగారికి ఎలా ఉంది?”

మెకానిక్ గబగబా సంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. భార్య ఆవిణ్ణి చూసింది. తర్వాత అతన్ని చూసింది. ఆ చూపు ఎంతోసేపు లేదు. స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి, “పొద్దున్నే వచ్చానండీ. పిన్ని లేచి తిరుగుతోంది,” అంది.

“నిన్న కప్పులన్నీ ఆ సొరుగులో నింపాను. ఇవాళ చూస్తే మంచు మళ్ళీ మొదలైంది. ఈసారి మూడు రోజులకే. రేపు పదకొండింటికి బడిలో ఇవ్వాలి.”

“పదండి, వస్తున్నాం,” అంది భార్య. ‘వస్తున్నాను’ అనలేదు.

స్కూటరు ఆమె నడిపింది. అతను వెనక సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె తనను నలుగురిలో నగుబాటు కానివ్వకుండా కాపాడింది. కాపాడిందన్న ఆ సంగతే ఒంటికి నిప్పంటించినట్టుంది అతనికి. ఆమె స్థానంలో తనుంటే అలా చేసేవాడా? చేసి ఉండేవాడు కాదు. అది తెలుసు గనకే మంట ఆగలేదు.

షాపులో ఆవిడ అలవాటుగా సొరుగులోంచి డబ్బాలు తియ్యబోయింది.

“తియ్యకండి, ఉండనివ్వండి,” అంది భార్య. కౌంటరు పక్కన నేలమీద చతికిలబడి, సంచీలోంచి ఏమీ తియ్యకుండా ఊరికే కూర్చుంది. “మీ పని మీరు చేసుకోండి. ఎప్పట్లాగే తీసి మూయండి.”

కాసేపటికి ఎవరో రెండు కప్పులు అడిగారు. షాపు ఆవిడ సొరుగు లాగి, రెండు చేతులా కప్పులు పట్టుకుని, మోకాలితో సొరుగును ఒక్క తోపు తోసి లేచింది. మూసుకున్నట్టే ఉంది. భార్య జేబులోంచి కాగితం ముక్క తీసి కింది అంచులో దూర్చబోయింది. దూరలేదు. పై అంచులో దూర్చింది. కాగితం అడ్డూ ఆపూ లేకుండా లోపలికి జారిపోయింది. మళ్ళీ బయటికీ వచ్చింది.

అరచేత్తో సొరుగు ముందుభాగాన్ని కింద నుంచి కొద్దిగా పైకెత్తింది. టప్పుమని రబ్బరు అతుక్కుంది. వదిలింది. గోరు మందాన ఊడింది.

మెకానిక్‌కు ఆమె ఇంకేమీ చెప్పనక్కర్లేదు. తల కొట్టేసినట్టయింది. సొరుగు జారే ఇనుప ఛానెళ్ళు అరిగిపోయాయి. నిండా బరువుంటే సొరుగు ముందుకు వంగుతుంది, పైన సందు పడుతుంది, గదిలో తడిగాలి లోపలికి చొరబడి మంచవుతుంది. ఖాళీ చేస్తే తేలికై నిటారుగా నిలబడుతుంది. తను మూడుసార్లూ ఖాళీ చేశాకే చూశాడు. మూడుసార్లూ రెండు వేళ్ళతో మూశాడు. తన జాగ్రత్తే తన కళ్ళకు గంతలు కట్టింది.

“చూశారా?” అంది భార్య షాపు ఆవిడతో, లేచి చేతులు దులుపుకుంటూ. “ఆయన ఛానెళ్ళే అనుకున్నారు. అవి దొరక్క ముందు కార్డు వేసి చూశారు.”

అంతవరకూ ఊరుకున్న మెకానిక్ ఇక ఊరుకోలేకపోయాడు. మొదటి అబద్ధం తనది. తన కోసం ఆమె నోటి వెంట అబద్ధం రావడం ఇది రెండోసారి.

“నేనేమీ అనుకోలేదండీ,” అన్నాడు. “నాకు తట్టనే లేదు. ఈవిడ ఏ ఊరూ వెళ్ళలేదు. సోమవారం మీరు ఫోను చేసినప్పుడు నా పక్కనే ఉంది. నేనే చెప్పలేదు.”

షాపు ఆవిడ కప్పుల మీద మూతలు నొక్కుతూ, “తెలుసులెండి,” అంది. “ఫోనులో ‘ఎవరండీ’ అని ఆవిడ గొంతు వినిపించింది. మొగుడూ పెళ్ళాల గొడవ నాకెందుకని ఊరుకున్నాను. రేపు వార్షికోత్సవం లేకపోతే ఇవాళా వచ్చేదాన్ని కాదు.”

భార్య మొహం తిప్పుకుంది.

వర్క్‌షాపులో పడి ఉన్న ఒక పాత ఫ్రీజరు ఛానెళ్ళు దీనికి సరిపోతాయని అతనికి గుర్తొచ్చింది. వెళ్ళి తెచ్చాడు. కప్పులను కాసేపు వెనక ఫ్రీజరులో ఇరికించి, మంచు కరిగించి, సొరుగు ఊడదీసి, పాతవి విప్పి, స్క్రూల రంధ్రాలు వదులైనచోట లావు స్క్రూలు వేసి బిగించాడు. రసమట్టం పెట్టి చూసి, ఫ్రీజరు ముందు కాళ్ళను అర చుట్టు తిప్పి సరిచేశాడు. భార్య బరువు డబ్బాలను వెనక్కీ, కప్పులను ముందుకీ సర్దించింది. సొరుగు నిండుగా ఉండగానే కాగితం నాలుగు పక్కలా పెట్టి లాగారు. ఎక్కడా రాలేదు. షాపు ఆవిడ మోకాలితో తోసి మరీ చూసుకుంది.

ఆ రోజంతా భార్య అతనితో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మంచినీళ్ళిచ్చింది, పనిముట్లు అందించింది. మాట మాత్రం లేదు. తల్లి ఇద్దరి మొహాలూ చూసి, తొందరగా తిని తన గదిలోకి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ సొరుగు చూడ్డానికి వెళ్ళారు. వెనకగోడ పొడిగా, తెల్లగా ఉంది. మూడొందల కప్పులూ గట్టిగా గడ్డకట్టి బడికి చేరాయట. మిగిలిన రెండు కప్పులు వీళ్ళ చేతుల్లో పెట్టింది ఆవిడ.

తిరిగి వస్తుంటే రైలుగేటు పడింది. భార్య స్కూటరు ఆపి ఇంజను కట్టేసింది. గేటుకు ఆనుకుని ఇద్దరూ ఐస్‌క్రీము తిన్నారు. సగం తిన్నాక ఆమె నోరు విప్పింది.

“మీ ఒక్క అబద్ధానికి నా చేత రెండు ఆడించారు. పైగా మా పిన్నిని మంచం ఎక్కించారు.”

“తప్పే.”

“ఎందుకు చేశారు?”

మెకానిక్ చెంచాతో కప్పు అడుగు గీకాడు. చెప్పడానికి వంద కారణాలు వెతికాడు. ఒక్కటీ నిలబడలేదు. “కుళ్ళు,” అన్నాడు చివరికి. “నిన్ను అందరూ అడుగుతుంటే చూడలేకపోతున్నాను. నేర్పింది నేనే. నేర్పకపోయినా బాగుండేదని కూడా ఒకోసారి అనిపిస్తుంది. ఇవాళా పోలేదు. నిన్న ఆ కాగితం జారిపోయినప్పుడు సొరుగు దొరికిందని సంతోషం రాలేదు. నీకు దొరికిందే అని ఏడుపొచ్చింది.”

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఆమె పట్టాల వైపు చూస్తూ ఉంది.

“పద్దెనిమిదేళ్ళు నేను పడ్డాను,” అంది.

“ఏం పడ్డావు?”

“అదే. మీరు పడుతున్నదే. పొద్దున్నే సంచీ తగిలించుకుని వెళ్ళేవారు. సాయంత్రం వచ్చి, ఫలానా వాళ్ళింట్లో గట్టు కింద ఇలా ఉంది, ఫలానా చోట తీగను ఎలుక కొరికింది, నేనిలా పట్టుకున్నాను అని చెప్పేవారు. నేను గిన్నెలు తోముతూ ఊఁ కొట్టేదాన్ని. నాకూ చూడాలని ఉండేది. మీరు చెబుతుంటే కడుపు రగిలిపోయేది. ఒకసారి మీ టెస్టరు దాచేశాను కూడా. రెండు రోజులు వెతుక్కున్నారు.”

అతనికి ఆ టెస్టరు గుర్తుంది. తల్లి మీద అరిచాడు అప్పుడు.

“నాకెప్పుడూ చెప్పలేదే,” అన్నాడు.

“మీరెప్పుడూ అడగలేదే,” అంది. “మీకు నడుం పట్టేసినప్పుడు ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. కాని మర్నాడు సంచీ భుజాన వేసుకుంటుంటే ఎంత సంతోషమేసిందో, ఆ సంతోషానికి సిగ్గేసి మళ్ళీ ఏడ్చాను. సరే, ఇకనుంచి ఎవరు ఎవర్ని అడిగితే వాళ్ళకు ఆ మాట అందాలి. మీకు కుళ్ళొస్తే కుళ్ళొచ్చిందని చెప్పండి. నన్ను మాత్రం ఊరు దాటించకండి.”

“సరే,” అన్నాడు.

రైలు వెళ్ళింది. గేటు లేచింది. వెనక బళ్ళు హారన్లు మోగించాయి. ఆమె ఖాళీ కప్పులు రెండూ తీసుకుని సంచీలో వేసి, స్కూటరు స్టార్టు చేసింది.

వెనక కూర్చుని మెకానిక్ లెక్క వేసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే కంచాల దగ్గర. ఒక్క పూట కూడా తన కంట పడకుండా ఎలా దాచుకుంది? తను రెండేళ్ళు కూడా దాచలేక నలుగురిలో బయటపడ్డాడు. ఇందులోనూ ఆమెదే పైచేయి. నవ్వొచ్చింది అతనికి. నవ్వుతోపాటే, ఎంత వద్దనుకున్నా, కడుపులో మళ్ళీ కొంచెం మండింది.

“ఏమే,” అన్నాడు ఆమె భుజం మీదుగా ముందుకు వంగి. “వచ్చింది.”

“ఏమొచ్చింది?”

“కుళ్ళు.”

“అప్పుడేనా,” అంది ఆమె, బండి మలుపు తిప్పుతూ.